మామయ్యగారి ఇత్తడి కేసులు

మా మామయ్యగారికి తుపాకీ ఉందన్న సంగతి పెళ్లిచూపుల్లో ఎవరూ చెప్పలేదు. రెండు చేపల చెరువులున్నాయని చెప్పారు, ట్రాక్టరుందని చెప్పారు, పామర్రుకి కూతవేటు దూరంలో డాబా ఇల్లుందని చెప్పారు. తుపాకీ సంగతి మాత్రం అత్తారింట్లో నిద్రలేచిన మొదటి పొద్దున నాకై నేనే తెలుసుకున్నాను. పెరట్లో పళ్లు తోముకుంటుంటే ఢామ్మని ఒక చప్పుడు. నోట్లో ఉన్న పేస్టంతా మింగేశాను. వంటింట్లోంచి అత్తయ్యగారు పాలు పొంగకుండా మంట తగ్గిస్తూ, "ఏం లేదమ్మా, మీ మామయ్యగారు నీటికాకుల్ని లేపుతున్నారు" అన్నారు.

అప్పటికి మా వైపు వరిచేలు చాలావరకు చేపల చెరువులైపోయాయి. చెరువులొచ్చాక నీటికాకులూ వచ్చాయి. నల్లగా, మెడ పొడుగ్గా, ఒక్క మునక వేస్తే పిల్లచేప నోట్లోనే ఉంటుంది. కొందరు రైతులు చెరువు మీద పాత క్యాసెట్ల టేపు కట్టేవారు. కొందరు టపాకాయలు కాల్చేవారు. మా మామయ్యగారికి వాళ్ల నాన్నగారి నుంచి వచ్చిన జోడు గొట్టాల తుపాకీ ఉంది. దానికి లైసెన్సుంది. తూటాల్లో మందు నింపుకోడానికీ కాగితం ఉంది. కానీ ఆయన గుండ్లు పోసేవారు కాదు. కాస్త మందు, పైన పాతగుడ్డ ఉండ, అంతే. చప్పుడు కోసం. "పిట్ట చస్తే పాపం మనది, ఎగిరిపోతే చేప మనది" అనేవారు.

తూటాలు ఇత్తడివి. కాగితం తూటాలు మా గాలి తేమకి ఉబ్బిపోయేవట. ఇత్తడివైతే పేల్చాక కడిగి మళ్లీ నింపుకోవచ్చు. ఆదివారం మధ్యాహ్నం వసారాలో పేపరు పరుచుకుని సున్నుండలు చుడుతున్నంత శ్రద్ధగా ఆ పని చేసుకునేవారు. పేలిన ఖాళీలని చింతపండుతో తోమి డాబా మీద ఎండబెట్టేవారు. ఆ పక్కనే అత్తయ్యగారి గుమ్మడి వడియాలు. ఆ ఇంట్లో తుపాకీ గురించి నేను విన్న తగువు ఒక్కటే: ఎవరి చాప ఎంతవరకు అని. ఆ ఖాళీ గొట్టాలని ఆయన "కేసులు" అనేవారు. ఎప్పుడో తుపాకుల కొట్టాయన దగ్గర నేర్చుకున్న మాట.

నాతో ఆయన పెద్దగా మాట్లాడేవారు కాదు. కోపమేం కాదు, మర్యాద. కోడలితో మామగారు ఎంత మాట్లాడాలో అంతే. "అమ్మాయ్, బస్సు టైమయింది." "అమ్మాయ్, మెట్లు తడిగా ఉన్నాయి." మేం విజయవాడలో ఉండేవాళ్లం. నేను ఆడపిల్లల జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్పేదాన్ని. మావారు మందుల కంపెనీ రిప్రజెంటేటివ్, నెలలో సగం రోజులు ఏదో ఒక ఊళ్లో క్యాంపు.

ఒక దసరా సెలవులకి వెళ్లేసరికి మామయ్యగారు వసారాలో తుపాకీని నడుం దగ్గర విరిచి ఒళ్లో పెట్టుకుని, జ్వరం వచ్చిన పిల్లాణ్ణి చూస్తున్నట్టు చూస్తున్నారు.

"పట్టట్లేదు" అన్నారు, ఎవరితోనో.

ఇత్తడి కేసు గొట్టంలోకి సగానికి పైగా వెళ్లి ఆగిపోతోంది. బొటనవేలితో ఎంత నొక్కినా వెళ్లదు. అది పూర్తిగా కూర్చోకపోతే తుపాకీ మూసుకోదు. తమాషా ఏంటంటే కొన్ని హాయిగా వెళ్తున్నాయి, కొన్ని మొరాయిస్తున్నాయి. అన్నీ ఒక్క కొట్టులో కొన్నవే.

"నేను చెబుతూనే ఉన్నాను. అంత చింతపండు పులుసులో నానబెడితే ఊరవూ?" అన్నారు అత్తయ్యగారు.

"ఇత్తడి ఊరడమేంటే? శనగపప్పా?"

"మరి ఎందుకు లావయ్యాయంటారు?"

మావారు టిఫిను తింటూ, "తుపాకీయే ముడుచుకుపోయిందేమో నాన్నా, తాతగారి కాలంనాటిది కదా" అన్నారు. ఆ మాటకి తండ్రి ఆయనకేసి చూసిన చూపుకి ఇంకో ఇడ్లీ అడక్కుండా లేచిపోయారు.

ఆ నాలుగు రోజులూ ఇల్లంతా అదే వైద్యం. మొదట కొబ్బరినూనె రాశారు. తర్వాత ఆముదం. ఆముదానికి కేసు లోపలికి వెళ్లింది గానీ బయటికి రాలేదు. ముందువైపు నుంచి జెండా కర్ర పెట్టి పొడిస్తే వచ్చింది. ఆ తర్వాత అత్తయ్యగారికి తెలియకుండా నెయ్యి రాశారు. పొద్దున్నే లేచి చూస్తే గొట్టం నిండా ఎర్రచీమలు. ఆయన పట్టుదల మనిషి కదా, పట్టే కేసొకటి వెతికి, మందు దట్టించి, చీమలతో సహా పేల్చారు. చెరువు గట్టంతా గారెలు వేగుతున్న వాసన. నీటికాకులు లేచాయి. రెండు ఊరకుక్కలు వచ్చాయి.

అప్పుడు ఆయనకి తుపాకుల కొట్టు ముసలాయన చెప్పిన మాట గుర్తొచ్చింది. మందు కాలినప్పుడు ఇత్తడి సాగి గొట్టం గోడకి అతుక్కుంటుందట. చల్లారినా మళ్లీ పూర్తిగా పాత సైజుకి రాదట. అలా లావెక్కిన వాటిని ఇనప కట్టులాంటి దాంట్లోంచి దూర్చి, బిగించి, మళ్లీ సన్నం చెయ్యాలట. ఆ కట్టు ముసలాయన దగ్గర ఉండేది. ఆయన పోయాడు. ఆ కొట్టు జిరాక్స్ సెంటరయింది.

"కట్టు చేయించాలి. బెజవాడలో కాని పని ఉండదు" అని తేల్చారు మామయ్యగారు.

మేం తిరిగొచ్చిన కొన్నాళ్లకి ఎస్టీడీ బూత్ నుంచి ఫోన్. "అమ్మాయ్, సన్నగా కొలత తీసే సాధనం ఏదైనా ఉంటే తెచ్చిపెట్టు. రేపొస్తున్నా." నేను కాలేజీ ఫిజిక్స్ ల్యాబులో వెర్నియర్ కాలిపర్స్ అడిగి హ్యాండ్‌బ్యాగులో వేసుకొచ్చాను.

తెల్లారగానే దిగారు. తెల్ల పంచె, ఇస్త్రీ చొక్కా, చేతిలో స్టీలు క్యారియరు. పై గిన్నెలో ఉసిరికాయ పచ్చడి, అత్తయ్యగారు పంపింది. కింది గిన్నెల నిండా ఇత్తడి కేసులు. ఆ పైన జేబురుమాల్లో చుట్టి, ఒక ముల్లంగి.

"ఇదేంటి మామయ్యగారూ?"

"తుపాకీ బస్సులో తేకూడదు కదమ్మాయ్. లోపల తూటా కూర్చునే గది కొలత కావాలి కదా. మొదట కొవ్వొత్తి పెట్టి చూశాను. విరిగి లోపల ఉండిపోయింది. అప్పుడు దీన్ని పెరట్లో పీకి, చెక్కుతీసి, తిప్పుతూ తిప్పుతూ లోపలికి నొక్కాను. అచ్చు గుద్దినట్టు సరిపోయింది."

రుమాలు విప్పి చూపించారు. నున్నగా, తెల్లగా, చివర కొంచెం మసితో, నిజంగానే ముచ్చటగా ఉంది. నాకు తప్పేమీ కనిపించలేదు. లెక్కల మనిషినై ఉండి, చాలా తెలివైన పద్ధతి అనుకున్నాను.

"వాడేడీ?"

"కర్నూలు క్యాంపండీ."

"పోన్లే. నీకు బండుంది కదా."

అలా మా మామగారు నా స్కూటరు వెనక ఎక్కారు. పంచె కట్టు కాబట్టి ఒకవైపుకి కూర్చున్నారు. ఒక చేత్తో క్యారియరు ఒళ్లో పట్టుకుని, రెండో చేత్తో నన్ను పట్టుకోకూడదు కాబట్టి సీటు వెనక కమ్మీ పట్టుకున్నారు. బ్రేకు వేసినప్పుడల్లా కేసులు గలగలమనేవి, ఆయన "శివశివా" అనేవారు. బెంజి సర్కిల్ దగ్గర రిక్షా అతను మమ్మల్ని చూస్తూ చూస్తూ ముందున్న ఆటోకి తగిలించాడు.

ఆటోనగర్‌లో లేతు మెషీనున్న షెడ్డు చూసుకుని ఆపాం. ఓనరు చేతులు తుడుచుకుంటూ వచ్చాడు.

"చెప్పండి మేడమ్."

"ఇది దూరేలా ఒక బుష్ చెయ్యాలండి" అని కేసొకటి తీసిచ్చాను. కట్టుని బుష్ అనాలని దారిలో బోర్డులు చూసి నేర్చుకున్నాను.

అతను దాన్ని అటూ ఇటూ తిప్పాడు. "ఏ బండిదండీ ఇది? పాత ఫారిన్ బండా?"

"తుపాకీదండి" అన్నారు మామయ్యగారు, గర్వంగా.

వెనక మెషీను ఆగిపోయింది. ఓనరు ఆ కేసుని వేడి కుంపట్లోంచి తీసినట్టు రెండు వేళ్లతో నా చేతిలో పెట్టాడు. "లారీదా, చేసిస్తాం. ట్రాక్టరుదా, చేసిస్తాం. ఆటోది, బోటుది, ఏదైనా తెండి. దీనికి మాత్రం నన్నొదిలెయ్యండి పెద్దాయనా, పిల్లలుగలవాణ్ణి." గేటు దాకా వచ్చి మరీ సాగనంపాడు. అయితే మంచివాడు. "ఇత్తడి పనంటున్నారు కాబట్టి వన్ టౌన్‌లో బ్యాండుమేళం బూరాలు బాగుచేసే సాయిబుగారున్నారు, అడిగి చూడండి" అని దారి చెప్పాడు.

ఆ వేళ ఎవరో మంత్రిగారు ఊళ్లోకి వస్తున్నారు. కాలవ వంతెన దగ్గర పోలీసులు తాళ్లు కట్టి బండ్లు ఆపుతున్నారు. మా బండి ఆగింది. కేసులు గల్లుమన్నాయి.

"క్యారియర్లో ఏంటి?" అన్నాడు కానిస్టేబులు.

"పచ్చడి" అన్నాను నేను.

"కేసులు" అన్నారు మామయ్యగారు, అదే క్షణంలో.

కానిస్టేబులు నా వైపు చూడ్డం మానేశాడు. "కేసులా? ఎన్నున్నాయేంటి నీ మీద?"

"నా మీద కాదు బాబూ, నావే. దీంట్లో ఇరవై దాకా ఉంటాయి. ఇంటి దగ్గర ఇంకా ఉన్నాయి."

"ఇంకానా! ఏం కేసులు?"

"ఖాళీవే. మందు ఇంటి దగ్గర పోస్తాను."

అవి మద్యనిషేధం నడుస్తున్న రోజులు. మందు అన్న మాట వినగానే ఇంకో కానిస్టేబులు కూడా దగ్గరికొచ్చాడు. "మందు ఇంట్లో పోస్తావా?" అన్నాడు.

"నేనే పోసుకుంటాను. ఆదివారం ఆదివారం. పర్మిషనుంది."

"మందుకి పర్మిషన్ ఎవరిచ్చారయ్యా నీకు?"

"కలెక్టరుగారు."

నేను "మామయ్యగారూ, మామయ్యగారూ" అంటూనే ఉన్నాను. ఆయన నా వైపు చెయ్యి చూపించారు, పెద్దవాళ్లు మాట్లాడుకుంటుంటే మధ్యలో రాకమ్మా అన్నట్టు. మొదటి కానిస్టేబులు క్యారియరు విప్పాడు. పచ్చడి. వాసన చూశాడు. కింది గిన్నె తీశాడు. ఇత్తడి తూటాలు ఎండకి తళతళలాడాయి. ఒక్క అడుగు వెనక్కేశాడు. చివరికి లాఠీ కొసతో రుమాలు విప్పాడు.

"ఈ ముల్లంగి ఏంటి?"

"అది బ్యారెలండి" అన్నారు మామయ్యగారు.

అలా మేం స్టేషనుకి వెళ్లాం.

వాళ్లు మమ్మల్ని ఏమీ అనలేదు, ఉన్నమాట చెప్పాలి. మంచినీళ్లిచ్చారు. నాకు కుర్చీ వేశారు. కానీ ఎస్సైగారు బందోబస్తులో ఉన్నారు, ఆయనొచ్చేదాకా కూర్చోవాలన్నారు. క్యారియరు గిన్నెలన్నీ విప్పి బల్ల మీద వరసగా పేర్చారు. చివర ముల్లంగి. సరిగ్గా దాని మీద ఫ్యాను పూర్తి స్పీడులో తిరుగుతోంది. మేం గోడవారగా కూర్చుని మధ్యాహ్నం దాకా ఆ ముల్లంగినే చూశాం. చూడ్డానికి ఇంకేం లేదు.

ఉన్నట్టుండి మామయ్యగారు, "నీకు భయంగా ఉందా అమ్మాయ్?" అన్నారు.

"లేదండీ. కాలేజీలో తెలిస్తే ఏమనుకుంటారో అని."

"నాకైతే కొంచెం భయంగానే ఉంది" అన్నారు. "మీ అత్తయ్యకి చెప్పకు."

అంతకు ముందు ఆయన నాతో చెప్పిన మాటల్లో 'నాకు' అని మొదలైంది ఒక్కటీ లేదు. ఆ తర్వాత ఇద్దరం కబుర్లలో పడ్డాం. ఆయన చిన్నప్పుడు వాళ్ల నాన్నగారు తుపాకీ పేలిస్తే మంచం కింద దూరేవారట. ఇప్పటికీ పేల్చేముందు కళ్లు మూసుకుంటారట. గుండ్లు ఎందుకు పొయ్యరో నాకప్పుడు పూర్తిగా అర్థమయింది.

ఎస్సైగారు వచ్చారు. మామయ్యగారు చొక్కా లోపలి జేబులోంచి ప్లాస్టిక్ కవరు తీసి లైసెన్సు, మందు పర్మిషను జిరాక్సులు చూపించారు. ఎస్సైగారు శ్రద్ధగా చదివి, కానిస్టేబుల్ని చూసి, ముల్లంగిని చూసి, చాలాసేపు కిటికీలోంచి బయటికి చూశారు. నవ్వు ఆపుకుంటున్నారని భుజాలు చెబుతున్నాయి. చివరికి ఇటు తిరిగి, "ఈ నీటికాకులకి చప్పుడు నిజంగా పనిచేస్తుందాండీ? మా బావమరిదికి కైకలూరు దగ్గర చెరువులున్నాయి" అన్నారు. మామయ్యగారు అరగంట చెప్పారు.

క్యారియరు తిరిగి సర్దుకుంటుంటే పచ్చడి గిన్నె కాస్త తేలికైనట్టనిపించింది. ముల్లంగిని ఆయన జాగ్రత్తగా తుడిచి రుమాల్లో చుట్టుకున్నారు.

సాయిబుగారి కొట్టు వన్ టౌన్‌లో ఒక ఇరుకు సందులో ఉంది. గోడల నిండా సొట్టపోయిన బూరాలు వేలాడుతున్నాయి. ఆయన పెద్దమనిషి, తెల్లగడ్డం, కంఠం మాత్రం మైకు మింగినట్టు ఉండేది. విషయం చెప్పగానే భయపడలేదు సరికదా, సంబరపడిపోయారు.

"నలభై ఏళ్లుగా ఊదే ఇత్తడే చేశానమ్మా. పేలే ఇత్తడి ఇదే మొదలు!"

కేసొకటి తీసి పెదవికి ఆనించి ఊదారు. ఈల వచ్చింది. ఇంకోటి ఊదారు. "విన్నారా? ఇది కొంచెం బొంగురు. లావెక్కింది. ఇది సన్నం." మామయ్యగారు కూడా ఒకటి ఊది చూశారు. ఇద్దరు పెద్దమనుషులు తూటాలు నోట్లో పెట్టుకుని ఊదుకుంటుంటే సందులో జనం పోగయ్యారు. లోపలి నుంచి ఆయన భార్య తొంగిచూసి, మళ్లీ తెర వేసేసుకున్నారు.

"బాగుందండీ, మరి కొలత?" అన్నారు సాయిబుగారు.

మామయ్యగారు ముల్లంగి తీశారు. నేను వెర్నియర్ తీశాను. స్టేషన్లో పోయిన పరువంతా తిరిగొచ్చేలా, మిల్లీమీటరులో పదో వంతు కూడా వదలకుండా కొలిచి చెప్పాను. మూడుసార్లు కొలిచాను. మూడుసార్లూ ఒకటే వచ్చింది.

"లెక్కల మేడమ్‌గారు చెప్పాక ఇంకేముంది" అని గోడ మీద సుద్దముక్కతో రాసుకున్నారాయన.

వారం తిరక్కుండా కట్టు తయారయింది. అంతేకాదు, కేసులన్నీ తనే అందులోంచి దూర్చి బిగించిపెట్టారు. "పెళ్లికూతురికి గాజులెక్కించినట్టు ఎక్కించానమ్మా. కష్టపడ్డాయి పాపం" అన్నారు. ఒక్కోటీ మెరిసిపోతోంది. మామయ్యగారు అరచేతిలో పెట్టుకుని మురిసిపోయారు. ఇంత సన్నగా ఉన్నాయేంటి అన్న అనుమానం నాకు వచ్చి, వెర్నియర్ కొలత తల్చుకోగానే పోయింది.

ఆ శనివారం నేనూ ఊరెళ్లాను, చూడాలని. మామయ్యగారు కేసుని గొట్టం దగ్గర పెట్టి వదిలారు. అది గ్లాసులో చెంచాలా జారి టంగుమని కూర్చుంది.

"చూశావే? ఎంత హాయిగా వెళ్లిందో! చింతపండు పులుసంట!" అన్నారు అత్తయ్యగారితో.

గట్టు మీదకి వెళ్లారు. చెరువులో పాతిన గుంజ మీద ఒక నీటికాకి రెక్కలు చాపి ఎండకి ఆరబెట్టుకుంటోంది. మామయ్యగారు తుపాకీ ఎత్తారు. కళ్లు మూసుకున్నారు. నేనూ మూసుకున్నాను.

తుస్సుమంది.

పొగ ముందుకి వెళ్లాల్సింది వెనక్కి వచ్చింది. ఆ పొగ విడిపోయేసరికి మామయ్యగారు నిలబడే ఉన్నారు, కానీ మొహం కాకరపువ్వొత్తి కాల్చిన గోడలా ఉంది, మీసం ఒకవైపు మాడింది. తుపాకీ తెరిచి చూస్తే కేసు నిలువునా చీలి ఉంది. నీటికాకి తల తిప్పి కూడా చూడలేదు. రెండో రెక్క ఆరబెట్టుకుంటోంది.

అత్తయ్యగారు మజ్జిగ చెంబుతో పరుగెత్తుకొచ్చారు. తాగమనో, మొహం కడుక్కోమనో ఆవిడకే తెలియదు. దెబ్బేం తగల్లేదని చూసుకున్నాక తిట్లు మొదలుపెట్టారు. మామయ్యగారికి కోపం సాయిబుగారి మీదకి మళ్లింది.

"వదులు చేసేశాడు! బూరాలవాడికి తుపాకీ పనిస్తే అంతే!"

"కాదు మామయ్యగారూ, నేను చెప్పిన కొలతకే చేశారు. నా కొలతలో తప్పుండదు."

"ముల్లంగిలోనూ ఉండదు. నేనే దూర్చి చూశాను కదా."

"అయితే ఆ ముల్లంగి తెండి, మళ్లీ చూద్దాం."

ఆయన దాన్ని బీరువాలో, లైసెన్సు పక్కన భద్రంగా దాచారు. తెచ్చి రుమాలు విప్పారు. లోపల, ముడతలు పడి, పసుపు రంగు తిరిగి, చిటికెనవేలంత అయిపోయిన ఒక వస్తువుంది.

నా బుర్రలో స్టేషను ఫ్యాను తిరగడం మొదలుపెట్టింది. ముందురోజు పీకిన ముల్లంగి, బస్సులో పామర్రు నుంచి బెజవాడ, మధ్యాహ్నందాకా ఫ్యాను గాలి. దాన్ని నేను మిల్లీమీటరులో పదో వంతు దాకా కొలిచాను. అత్తయ్యగారు చెంబు కింద పెట్టి, గట్టు మీద చతికిలబడి, కొంగు నోట్లో కుక్కుకుని నవ్వారు. అంతసేపు నవ్వగలరని నాకంతవరకు తెలియదు. కాసేపటికి మామయ్యగారి మాడని మీసం కూడా కదిలింది.

నాకు మాత్రం పంతం వచ్చింది. కొత్త ముల్లంగి పీకి, గొట్టంలో తిప్పి తీసి, అక్కడికక్కడే కొలిచాను. రెండో గొట్టంలోనూ తిప్పి కొలిచాను. రెండు అంకెలూ కలవలేదు. ముల్లంగి మార్చి మళ్లీ కొలిచాను. మళ్లీ కలవలేదు. ఎడమ గొట్టం గది కుడిదానికంటే రవ్వంత పెద్దది.

"మామయ్యగారూ, మీరు రెండు గొట్టాలూ పేలుస్తారా?"

"ఆ. ఈ మధ్యే. ఎడమదాని స్ప్రింగు మా నాన్నగారి కాలంలోనే పోయింది. మొన్న వేసవిలో బాగుచేయించాను."

వసారాలో కూర్చుని, సాయిబుగారి దగ్గరికి వెళ్లకుండా ఇంట్లో ఉండిపోయిన కేసులన్నీ ఒక్కోటీ ఒక్కో గొట్టంలో పెట్టి చూశాను. కుడివైపు పేలినవి రెండింట్లోనూ వెళ్తున్నాయి. ఎడమవైపు పేలినవి ఎడమగదికి తగ్గట్టు లావెక్కి, కుడిదాంట్లో పట్టట్లేదు. ఇన్నేళ్లూ ఆయన పేల్చింది కుడిగొట్టం ఒక్కటే కాబట్టి గొడవే రాలేదు. స్ప్రింగు బాగుచేయించాక లావువీ సన్నవీ కలిసిపోయాయి. ఏ కట్టూ అక్కర్లేదు. ఎడమవి ఎడమలో పెట్టుకుంటే చాలు.

ఈ సమాధానం మామయ్యగారికి రుచించలేదు. "ఇంతేనా?" అన్నారు. స్టేషనుకి వెళ్లి, మీసం కాల్చుకుని, చివరికి తేలింది ఇంతేనంటే ఎవరికి మాత్రం రుచిస్తుంది?

మళ్లీ కలిసిపోకుండా గుర్తు కావాలి. నా దగ్గర ఎర్ర గోళ్లరంగు సీసా ఉంది. ఎడమవాటి అడుగున, మడమల మీద తలో చుక్క పెట్టాను. పారాణి పెట్టినట్టున్నాయన్నారు అత్తయ్యగారు. మామయ్యగారు మొదట్లో ఆ చుక్క కనిపించకుండా అరచేత్తో మూసి తూటా పెట్టుకునేవారు. తర్వాత అలవాటయింది. రంగు గీరుకుపోతే ఫోన్ చేసేవారు, "అమ్మాయ్, ఈసారొచ్చేటప్పుడు ఆ సీసా తెచ్చిపెట్టు" అని.

సాయిబుగారికి సంగతంతా చెప్పాను. మొత్తం విని, "నా కట్టులో తప్పేం లేదు కదా?" అన్నారు.

"లేదండి. ముల్లంగిదే తప్పు."

"చాలు" అన్నారు.

ఆ ఏడాది నుంచి తుపాకీ ఏ పేచీ లేకుండా పేలింది. నీటికాకులు మాత్రం భయపడటం మానేశాయి. చప్పుడే తప్ప ఇంకేం జరగదని వాటికి అర్థమయినట్టుంది. పేల్చగానే కొంగలూ, బాతులూ లేచిపోయేవి. చెరువంతా ఖాళీ అయ్యాక నీటికాకులు తీరిగ్గా దిగేవి. అయినా ఆయన రోజూ పేల్చారు. ఎందుకని అడిగితే, "మానేస్తే మనం తగ్గామనుకుంటాయి" అన్నారు.

ఆ స్టేషను సంగతి అత్తయ్యగారికి చెప్పొద్దన్న మనిషి, తర్వాత పెళ్లిళ్లలో, పేరంటాల్లో దొరికినవాళ్లందరికీ ఆయనే చెప్పేవారు. "మా కోడలూ నేనూ స్టేషన్లో ఉన్నప్పుడు..." అని మొదలుపెట్టేవారు, స్వాతంత్ర్య సమరంలో కలిసి జైలుకెళ్లిన వాళ్లలా. మా కాలేజీలోనూ తెలిసిపోయింది. పరీక్షల్లో కాపీ కొట్టేవాళ్లు తగ్గారు.

కొత్త శతాబ్దం వచ్చాక చెరువుల మీద వలలు కట్టడం మొదలైంది. ఆయన మోకాళ్లూ అరిగాయి. చెరువులు కౌలుకిచ్చేశారు. ఇంక తుపాకీ ఎందుకని, కావాల్సిన కాగితాలన్నీ చేయించుకుని, బెజవాడలో తుపాకుల డీలరుకి అప్పజెప్పేద్దామన్నారు. దింపడానికి మావారు కారు తెస్తానన్నా వద్దని, నన్నే రమ్మన్నారు. ఈసారి పామర్రు నుంచే ఆటో మాట్లాడుకుని వెళ్లాం. గుడ్డ సంచీలో చుట్టిన తుపాకీని దారంతా ఒళ్లో అడ్డంగా పెట్టుకుని కూర్చున్నారు.

డీలరు కుర్రవాడు. గొట్టాల్లోంచి వెలుతురుకి చూశాడు. కేసుల డబ్బా మూత తీసి, గోళ్లరంగు చుక్కలు చూసి నా వైపు చూశాడు. "వేట బాగా చేసేవారాండీ?" అన్నాడు మర్యాదకి.

"ఒక్క పిట్ట కూడా పళ్లేదు బాబూ" అన్నారు మామయ్యగారు. అందులో సిగ్గు లేదు, గొప్పా లేదు. అది నిజం.

సంతకాలయ్యాయి. తిరిగి ఆటో ఎక్కాం. కాసేపు ఆయన చేతులు మోకాళ్ల మీద పెట్టుకున్నారు, తీశారు, మళ్లీ పెట్టుకున్నారు. తర్వాత సీటు మీదున్న నా హ్యాండ్‌బ్యాగు తీసి ఒళ్లో పెట్టుకుని, రెండు చేతులతో పట్టుకున్నారు. బస్టాండు దగ్గర ఆటో ఆగింది. ఆయన దిగి, "వస్తా అమ్మాయ్" అని, నా బ్యాగు చంకలో పెట్టుకునే పామర్రు బస్సు వైపు నడిచి వెళ్లిపోతున్నారు. ఆటోకివ్వాల్సిన డబ్బులు అందులోనే ఉన్నాయి. "మామయ్యగారూ, మామయ్యగారూ" అని అరుస్తూ నేను వెనక పరుగెత్తాను. నా వెనక ఆటో అతను.